ఫోను లేని రాత్రి

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత విప్పనే లేదు.

రాత్రంతా సిటీ బస్సు నడిపి అయిదున్నరకి ఇల్లు చేరిన డ్రైవరమ్మ కూతుర్ని కేకేసింది. వంటింట్లో చూసింది. బాత్‌రూమ్ తలుపు తోసింది. మేడ మీదికి పరుగెత్తింది. కూతురు ఎక్కడా లేదు. గుమ్మం దగ్గర చెప్పులూ లేవు.

నిన్న సాయంత్రమే పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుంది. తొమ్మిదో తరగతి పిల్ల తెల్లవార్లూ ఆటలాడి, బడిలో బల్ల మీద పడి నిద్రపోతోందని టీచరు రెండుసార్లు పిలిపించి చెప్పింది. ఇలాగే సాగితే మంచాన పడుతుందని డాక్టరు కూడా అన్నాడు. అరిచి గోల చేస్తుందనుకుంటే, పిల్ల ఒక్క మాట అనలేదు. తల్లి ఆ ఫోనును డ్యూటీ సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ మౌనమే గుండెల్లో గుచ్చుకుంటోంది.

పక్క వీధి గేమింగ్ సెంటర్లో షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి దూరింది. ఎర్రబడ్డ కళ్ళతో నలుగురు కుర్రాళ్ళు తెరలకి అతుక్కుపోయి ఉన్నారు. ఓనరు ఫొటో చూసి, ఈ అమ్మాయి ఎప్పుడూ ఇటు రాలేదన్నాడు. స్నేహితురాలి ఇంటి తలుపు కొడితే వాళ్ళూ తెలియదన్నారు.

పోలీస్ స్టేషన్ వైపు అడుగులు పడుతుండగా తన ఫోను మోగింది. డిపో సూపర్‌వైజరు.

“అమ్మా, మీ అమ్మాయి... నీ బండి వెనకాల...”

అంతే, చార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది.

గంట క్రితం షెడ్లో ఆ బస్సును రివర్స్ చేసి నిలబెట్టింది తనే. ఇంటికెళ్ళే తొందరలో దిగి వెనక్కి చూసింది కూడా లేదు. ఏదైనా తగిలినట్టు అనిపించిందా? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. డిపో దాకా పరుగెత్తింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది.

షెడ్లో బస్సులు కడిగేవాళ్ళు నలుగురూ పైపులు ఆపేసి, ఆమె బండి చుట్టూ నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళని తోసుకుని ముందుకెళ్ళింది. బస్సు కిందికి తొంగిచూడబోతే ఒక ముసలాయన భుజం పట్టుకుని ఆపాడు.

“కింద కాదమ్మా, లోపల. నిద్రపోతోంది. లేపడానికి మాకు మనసొప్పలేదు.”

ఆఖరి సీట్లో పుస్తకాల సంచి తలకింద పెట్టుకుని పిల్ల ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది. తల్లి రెండు చేతులా పట్టి కుదిపింది. రాత్రి పదింటికి వెనక తలుపు నుంచి ఎక్కానని, తిట్టి దింపేస్తావేమోనని తల వంచుకుని కూర్చుని అలాగే నిద్రపోయానని పిల్ల కళ్ళు నులుముకుంటూ చెప్పింది.

“ఫోను లాక్కున్నానని ఇల్లు వదిలి వచ్చేస్తావా?” తల్లి అడిగింది.

“ఫోను కోసం కాదమ్మా. నువ్వు డ్యూటీకి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే, భయమేస్తుంది. ఆటలో అయితే తెల్లారేదాకా ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు.”