పేర్లు రాసుకునే మనిషి

"మీ పేరు చెప్పండి సార్."

కదులుతున్న బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడి, కన్నడంలో అడిగాడు ఆ మనిషి. చంకలో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు.

ఆదినారాయణప్ప సంచి ఒళ్లోకి లాక్కున్నాడు.

అది 1976, శ్రావణ మాసం. ఎమర్జెన్సీ రోజులు. బెంగళూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఆయన. పది నిమిషాలు ఆలస్యమైతే మెమో చేతికొచ్చే కాలంలో, టైఫాయిడ్ జ్వరమని సర్టిఫికెట్ పంపి, భార్యను వెంటబెట్టుకుని గోకర్ణం బయలుదేరాడు.

భార్య భాగీరథమ్మకు యాభై ఏళ్లు దగ్గరపడుతున్నా సముద్రం చూసిన పాపాన పోలేదు. మంగళూరులో బస్సెక్కినప్పటి నుంచి ఆవిడ కిటికీ వదల్లేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఏరు, నడుమ సన్నటి తారురోడ్డు. వానకు తడిసి నిగనిగలాడే కొబ్బరితోటలు.

"చూస్తిరా, ఎన్ని నీళ్లుండాయో! మన కె.ఆర్.పురం చెరువు దీని ముందర చెంబెడు కూడా కాదు" అని అప్పుడే మురిసిపోయింది.

అంతలో ఏదో చిన్న ఊళ్లో ఎక్కాడు ఈ మనిషి. ముందు సీటు నుంచి మొదలుపెట్టాడు. పేరేమి, ఊరేమి, ఎంతమంది. టికెట్టు అడగడు. నవ్వడు. రాసుకుంటాడు, పక్క సీటుకు జరుగుతాడు.

వెనక సీటులోంచి వెంకటగిరియప్ప ముందుకు వంగాడు. ముళబాగిలు వైపు చింతపండు వ్యాపారి. మంగళూరు నుంచే మాట కలిపాడు.

"అన్నా, జాగ్రత్త" అన్నాడు చెవిలో. "సి.ఐ.డి. మాదిరి ఉండాడు. మా పక్కూర్లో ఇట్లే ఒకడొచ్చి పేర్లు రాసుకొని పోయినాడు. వారం తిరక్కుండానే ముగ్గుర్ని పట్టుకొని పోయిరి."

ఆదినారాయణప్ప గొంతు పెంచాడు.

"పేరెందుకు నీకు?"

"రాసుకోవాల సార్."

"రాసుకొని?"

"రేవు వచ్చేలోపల అయిపోవాల. చెప్పండి" అన్నాడు, అంతే.

"ఆవులప్ప."

"ఊరు?"

"హొసకోట."

"ఆమె?"

భాగీరథమ్మ నోరు తెరిచింది. ఆయన ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు.

"మారెమ్మ."

పెన్సిలు ఆగింది. ఆ మనిషి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"నిజం పేర్లేనా సార్?"

"ఏం, జాతకాలు కూడా తీసి చూపించాల్నా?"

బస్సులో నలుగురూ నవ్వారు. ఆ మనిషి తలవంచుకుని రాసుకున్నాడు.

"దేవుని దగ్గరికి పోతా అబద్ధమా?" అంది భాగీరథమ్మ, వాడు వెనక్కి వెళ్లాక. "నిమిషంలో నన్ను మారెమ్మను చేసేస్తిరే."

"సుమ్మనుండవే, నోరెత్తొద్దు. ఉద్యోగం పోతే దేవుడొచ్చి పెడతాడా కూడు?"

కాసేపటికి రోడ్డు ఏటి ముందర ఆగిపోయింది. వంతెన లేదు. పడవలో అవతలి గట్టుకు చేరితే అక్కడ ఇంకో బస్సు.

ఆ మనిషి అందరికన్నా ముందు దిగి, పడవ దగ్గర నిలబడ్డాడు. ఎక్కేవాళ్ల తలలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాడు. తను మాత్రం ఎక్కలేదు.

"చూసినావా, ఒక్కడు కూడా తప్పించుకోకుండా" అన్నాడు వెంకటగిరియప్ప.

పడవ కదిలింది. ఎర్రటి ఏటి నీళ్లు సముద్రంలో కలిసే చోట తెల్లటి నురగ గీత గీసినట్టుంది. నడిమధ్యలో పడవ గట్టిగా ఊగింది. భాగీరథమ్మ మొగుడి రెక్క పట్టుకుని, భయపడుతూనే కళ్లు ఇంత చేసుకుని చూసింది.

ఆదినారాయణప్ప సముద్రం చూడలేదు. వెనక్కే చూశాడు. గట్టు మీద ఆ మనిషి కదలకుండా, వాళ్ల మీది చూపు తిప్పకుండా నిలబడి ఉన్నాడు.

అవతలి గట్టున అందరూ దిగారు. ముసలి పడవవాడు తాడు కట్టుకుంటుంటే ఆయన మెల్లగా కన్నడంలో అడిగాడు.

"ఏమప్పా, ఆ నోటుపుస్తకం మనిషి ఏ డిపార్టుమెంటు?"

"డిపార్టుమెంటా? వాడు మా తిమ్మప్ప, సార్." పడవవాడు తాడు ముడేశాడు. "పోయిన శ్రావణంలో ఇక్కడ పడవ మునిగింది. తొమ్మిది మంది పోయినారు. ఏడుగురికి వాళ్ల మనుషులొచ్చినారు. ఇంకొక జంట. మీ ఈడే ఉంటాది. ఏ ఊరో, ఏం పేరో ఎవురికీ తెలీలేదు. మూడు దినాలు చూసినాము. కడాకు తిమ్మప్పే కొరివి పెట్టినాడు."

ఆదినారాయణప్ప అవతలి గట్టు వైపు తిరిగాడు.

"వాళ్లింట్లో వాళ్లు ఇంకా ఎదురు చూస్తా ఉంటారేమో కదా సార్. ఆ దినం నుంచి పేరు రాసుకోకుండా ఒక్కరినీ ఏరు దాటనియ్యడు. అందరూ గట్టెక్కేదాకా కదలడు."

భాగీరథమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదినారాయణప్ప గబగబా నీళ్ల అంచుకు నడిచాడు. చెప్పులు తడిశాయి. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

"ఆదినారాయణప్ప! బెంగళూరు! నా పెండ్లాము భాగీరథమ్మ!"

వెంకటగిరియప్ప నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

సముద్రపు గాలి ఆ కేకను ఎటో ఎత్తుకుపోయింది. అవతల బొటనవేలంత కనిపిస్తున్న ఆ మనిషి, అందరూ దిగారని చూసుకుని, పుస్తకం మూసి వెనుదిరిగాడు.

"వినపడదు సార్" అన్నాడు పడవవాడు.

ఇవతల బస్సు హారను కొట్టింది. ఎవరూ కదల్లేదు.

"వాళ్లు ఆయనకు చుట్టాలు కూడా కాదే!" అంది భాగీరథమ్మ. "ఆయనకేమప్పా ఇంత బాధ?"

పడవవాడు తెడ్డు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఆ దినం పడవ నడిపింది వాడే తల్లీ."