బీట మీద అద్దం

"తవ్వకపోతే కుంగుతుంది. తవ్వితే కూలొచ్చు. ఏది ముందో నన్నడక్కండి," అన్నాడు మేస్త్రి.

తాతల నాటి ఇల్లు. నడిమి గోడ కింద పునాది కుంగి, గోడ బీటవారింది. గోడకు దుంగలు ఆనించి, కింద కొద్దికొద్దిగా తవ్వుతూ, తవ్విన చోటల్లా రాయీ కాంక్రీటూ నింపుతున్నాడు. ఆ గోడకు ఈ పక్క పసిపాప ఉయ్యాల. ఆ పక్క అత్తగారి మంచం. మిగతా గదుల్లో నేలంతా పెరికేసి ఉంది.

మేస్త్రి ఓ కొత్త కిటికీ అద్దం ముక్క తెచ్చి, బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో మూసేశాడు.

"గోడ వెంట్రుకవాసి కదిలినా ఇది పుటుక్కుమంటుంది. ఇక ఆ రోజు లోపల ఎవరూ ఉండకూడదు. పనయ్యేదాకా బయట ఇల్లు చూసుకోవాల్సిందే."

"నేను చచ్చినా కదలను," అంది అత్తగారు. "ఒకసారి గడప దాటితే మళ్ళీ ఎక్కనిస్తారా? అమ్ముకు తింటారు."

"ఇప్పుడే వెళ్ళిపోదామండీ, పిల్లతో భయం," అంది కోడలు.

"అద్దం పగలనీ, చూద్దాం," అన్నాడు భర్త.

కోడలు లేవగానే అద్దం చూసేది. పాలిస్తూ చూసేది. తలుపులు బిగుసుకుపోతున్నాయి. పైనుంచి మట్టి రాలుతోంది. అద్దం మాత్రం నిక్షేపంలా ఉంది. మేస్త్రి కూడా దాన్ని చూసుకునే ధైర్యంగా తవ్వుతున్నాడు.

అత్తగారు ఉయ్యాల దగ్గర కూచుని పాపతో చెప్పేది. "మీ అమ్మది భయం కాదే బంగారం, వేరుకాపురం మోజు. ఎప్పుడో ఒకరోజు ఆ అద్దం తనే పగలగొడుతుంది, చూస్తూ ఉండు."

మామగారు ఉన్నన్నాళ్ళూ ఫోటోలకు ఫ్రేములు కట్టేవారు. ఆయన అద్దాలు కోసే పనిముట్టు ఇప్పటికీ ఆవిడ దిండు కిందే ఉంటుంది. ఆయన ఫోటోకి మాత్రం ఈమధ్య పాత చీర కప్పేసింది. కోడలు దుమ్ము దులపబోతే చేతిమీద ఒక్కటేసింది.

"ముట్టుకోకు! మీ దుమ్మంతా ఆయన మొహాన పడాలా?"

ఆ పొద్దున ఉయ్యాలలో సున్నం పెచ్చు పడింది. పాప కంటి పక్కన నెత్తురు చిమ్మింది. భర్త పరుగెత్తుకొచ్చి, గాయం తుడిచి, అద్దం వంక చూశాడు.

"బాగానే ఉందిగా. ఊరికే హడావిడి చెయ్యకు."

అతను అటు తిరగ్గానే కోడలు మేస్త్రి సుత్తి అందుకుంది. ఒక్క దెబ్బ. అద్దం కొసల సిమెంటుతో సహా ఊడి, కింద పడి ముక్కలైంది.

"చూశార్రా! నేను నోటితో అన్నాను, అది చేత్తో చేసింది!" అత్తగారి కేకకు మేస్త్రి కూడా గుంటలోంచి పైకొచ్చాడు.

"సిగ్గు లేదూ నీకు?" అన్నాడు భర్త.

"లేదు. నాకు బిడ్డ ఉంది."

"ఇంకేం చూస్తారు, చీపురిలా ఇవ్వండి," అంటూ అత్తగారు గబగబా వంగింది.

"చెయ్యి కోసుకుపోతుందమ్మా, ఉండండి," అని మేస్త్రి ముక్కలు ఏరాడు. ఒకదాని కొసనున్న సిమెంటు పెళ్ళను బొటనవేలితో రాల్చాడు. రాల్చి, ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది నేను పెట్టిన అద్దం కాదు! ముందు పాపని తీసుకుని బయటికి పరుగెత్తమ్మా!"

సిమెంటు రాలిన చోట, అద్దానికి అతుక్కుని, ఫోటోలోంచి ఊడొచ్చిన మామగారి మీసం సగం ఉంది.