ఒక్క మాటైనా అడక్కుండా

“అంత కోపంగా చెబితే లాభం లేదు సార్. జడ్జిగారికి మీ బాధ కనబడాలి,” అంది లాయరమ్మ.

ఇన్‌స్పెక్టరుకు బాధ ఎక్కడుంది? ఒళ్ళంతా మంటే. మున్సిపాలిటీ హెల్త్ ఇన్‌స్పెక్టరుగా ఊళ్ళో హోటళ్ళనూ బేకరీలనూ ఏళ్ళ తరబడి గడగడలాడించిన మనిషాయె. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, కొత్త కమిషనరు పిలిచి అడగనైనా అడక్కుండా ఉద్యోగంలోంచి పీకేశాడు. అప్పట్నుంచీ వీధి చివర టీకొట్టువాడు కూడా ఆయన్ని చూసి కిసుక్కున నవ్వుతున్నాడు. పెద్ద లాయర్లందరి చుట్టూ తిరిగి, ఎవరూ పట్టించుకోక, చివరికి జెరాక్సు కొట్టు మీదున్న ఈ ఇరుకు గదిలో వచ్చి పడ్డాడు.

“ఎలాగైనా నన్ను మళ్ళీ ఆ సీట్లో కూర్చోబెట్టమ్మా. ఆ కమిషనరుకు చుక్కలు చూపిస్తాను.”

“కూర్చోబెడతాను సార్. మీరు ఆ సీట్లో ఉండటం మీకంటే నాకే ఎక్కువ అవసరం.”

ఆ మాటకు ఇన్‌స్పెక్టరు పొంగిపోయాడు.

“ఒకటి చెప్పండి. మీరు కొట్లకు సీలు వేసేటప్పుడు ముందుగా నోటీసు ఇచ్చేవారా?”

ఆయన పకపకా నవ్వాడు. “భలేదానివే! నోటీసులిచ్చి, వాళ్ళ సోది వింటూ కూర్చుంటే పనులవుతాయా? ఫిర్యాదు వచ్చిందా, తాళం పడిందా, అంతే. కాళ్ళ మీద పడ్డా మొహం చూసేవాణ్ణి కాదు.”

లాయరమ్మకు నవ్వు రాలేదు. “ఆ ముక్క కోర్టులో మాత్రం అనకండి,” అంది.

వారం రోజులు ఆయనను కూర్చోబెట్టి, ఏం చెప్పాలో చిన్నపిల్లాడికి నేర్పినట్టు నేర్పింది. తడబడితే మళ్ళీ మొదట్నుంచీ చెప్పించింది. కన్నకూతురు కూడా తన కోసం ఇంత తాపత్రయపడదనుకున్నాడాయన.

విచారణ రోజున కమిషనరు తరఫు లాయరు “ప్రజల ఆరోగ్యం దృష్ట్యా, అత్యవసరంగా...” అంటూ నీళ్ళు నమిలాడు. జడ్జి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, “మీరేమంటారు?” అన్నారు.

“అయ్యా, నేను తప్పు చేశానో లేదో తర్వాత సంగతి. నన్ను ఒక్క మాటైనా అడగాలి కదా! ఎదుటివాడి గోడు వినకుండా నోటికాడి కూడు లాగేసేవాడు అధికారేనా అయ్యా?”

అంతా లాయరమ్మ నేర్పిందే. అయినా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది.

కమిషనరైనా, మరే అధికారైనా, ఎదుటివాడి వాదన వినకుండా తీసుకున్న చర్య చెల్లదని జడ్జి తేల్చేశారు. ఇన్‌స్పెక్టరును వెంటనే ఉద్యోగంలో చేర్చుకోమని తీర్పు చెప్పారు. కమిషనరు మొహం మాడిపోయింది.

కోర్టు మెట్లు దిగుతూ ఇన్‌స్పెక్టరు మీసం మెలేశాడు.

“నా పగ తీర్చావు తల్లీ! ఇంత పంతం పట్టి ఎవరమ్మా వాదిస్తారు?”

“రేపే వెళ్ళి చేరిపోండి సార్. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకండి.”

“చేరతాలే. నీకెందుకమ్మా అంత తొందర?”

“ఇదే తీర్పు చూపించి, మా నాన్న బేకరీకి మీరేసిన సీలు మీ చేతే పీకించాలి సార్.”