ఊడదీసిన రోలర్లు

మూడు రోజుల కిందట తన చేత్తో బిగించిన రోలర్లను ఊడదీయమనేసరికి వెల్డర్‌కి ఒళ్లు మండింది.

“తేడా ఏముందో చెప్పండి, సరిచేస్తాను. ఊడదీయడం మాత్రం నా వల్ల కాదు,” అన్నాడు.

ఖాళీ ట్రైలర్‌ని షెడ్డు ముందు నిలబెట్టిన పడవాయన తేడా ఏమీ లేదన్నాడు. తీసేస్తే చాలన్నాడు. మనిషి మూడు రోజుల్లో చిక్కి సగమయ్యాడు. కంటి మీద కునుకు పడ్డట్టు లేదు.

నిజానికి ఆ పని చేయించింది ఆయన భార్య. ఆవిడ మరిది రేవు నీళ్లలోనే మునిగి చనిపోయాడు. అప్పట్నుంచి ఏడాదిగా ఆయనొక్కడే పడవని ట్రైలర్ మీదికి ఎక్కించుకుంటున్నాడని, ఏదో ఒకరోజు నడుం విరగ్గొట్టుకుంటాడని ఆవిడ వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే, జాలిపడి ఒప్పుకున్నాడు వెల్డర్. పాత చెక్కల మీద ఎనిమిది రోలర్లు బిగించాడు. పడవ పక్కకి జారకుండా అటూ ఇటూ నిలువు గొట్టాలు పెట్టాడు. ఇప్పుడు ఒంటి చేత్తో తాడు లాగినా పడవ వెన్నలా పైకొస్తుంది. అలాంటిది తీసేయమనడమంటే కోరి కొరివితో తల గోక్కోవడమే. పైగా పని బాగాలేకే తీయించాడని నలుగురూ అనుకుంటే పోయేది వెల్డర్ పరువు.

“మీ ఆవిడకి తెలుసా?”

“తెలీదు. చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను.”

ఆ గొంతు విన్నాక వెల్డర్ ఇక వాదించలేకపోయాడు. లోపల తిట్టుకుంటూనే ఒక్కొక్కటీ విప్పాడు. కానీ ఊరికే వదలదల్చుకోలేదు. పడవ ఎక్కించి చూపించేదాకా కదలనని తనూ రేవుకి బయల్దేరాడు. రోలర్లు లేకుండా నాలుగు తోపులు తోస్తే ఆయనే దారికొస్తాడని నమ్మకం.

మిట్టమధ్యాహ్నం. రేవులో ఎవరూ లేరు. ట్రైలర్‌ని నీళ్లలోకి దించారు. పడవాయన ముందు నిలబడి తాడు లాగాడు. వెల్డర్ మోకాటి లోతు నీళ్లలో దిగి, పడవ వెనక్కి వెళ్లి భుజం ఆనించి తోశాడు. ఆ బరువు చెక్క పడవ బెత్తెడు కూడా కదల్లేదు. మళ్లీ తోశాడు. అంత ఎండలోనూ అక్కడి నీళ్లు మంచులా ఉన్నాయి. ఎందుకో భయమేసింది.

“ఇద్దరం కదపలేనిదాన్ని ఏడాదిగా ఒక్కరే ఎలా ఎక్కించారండీ?” అన్నాడు రొప్పుతూ.

పడవాయన తాడు వదల్లేదు. ఆయన చూపు వెల్డర్ మీద కాదు, ఆ పక్కనున్న నీళ్ల మీద ఉంది.

“మీరు నిలబడింది మా తమ్ముడి చోటు. రోలర్లు వచ్చాక తనతో పని లేదనుకున్నాడేమో, మూడు రోజులుగా రావడం లేదు. కాస్త పక్కకి జరగండి, వాడు తోస్తాడు.”