సాయంత్రపు జ్వరం

నర్సింగ్ విద్యార్థిని థర్మామీటరును వెలుతురుకు పట్టి చూసింది. జ్వరం లేదు. నిన్నా లేదు. అయినా నిన్న సాయంత్రం పిల్లల వార్డు హెడ్ సిస్టర్, ఆ పదమూడేళ్ల పిల్లకు ఒళ్లు కాలిపోతోందని డాక్టరుకు చెప్పి, ఇంటికి పంపకుండా ఆపించింది.

చెయ్యి విరిగి వచ్చిన పిల్ల అది. మెట్ల మీద పడిందని తండ్రి చెప్పాడు. ఆయన రోజూ సాయంత్రం పళ్లు పట్టుకుని వచ్చి, ఎప్పుడు పంపుతారని చేతులు జోడించి అడుగుతాడు. ఆయన వచ్చే వేళకు చాలా ముందునుంచే పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని గేటు వైపే చూస్తూ ఉంటుంది. ఆయన వెళ్లాక ముద్ద ముట్టదు.

“దీని జ్వరానికి మర్యాద ఎక్కువ. నాన్న వస్తున్నాడంటే ముందే వచ్చి కూర్చుంటుంది,” అని వార్డు ఆయా నవ్వింది.

విద్యార్థినికి నవ్వు రాలేదు. అవసరానికి మించి ఒక్క పూటైనా పిల్లలను ఇంటికి దూరం చేయరాదని తరగతిలో నేర్పారు. ఇక్కడేమో తలుపుకు గడియ, కిటికీకి ఊచలు, వాటికి తోడు సిస్టర్ కాపలా. ఆ పిల్లను చూస్తే తనకే ఊపిరాడేది కాదు. ఎందుకిలా అని అడిగితే సిస్టర్, “నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్,” అని నోరు మూయించింది.

ఈ రోజు సిస్టర్, తాను వచ్చేదాకా ఎవరినీ పంపవద్దని చెప్పి బయటికి వెళ్లింది. విద్యార్థిని తిన్నగా డాక్టరు దగ్గరకు పోయి ఉన్నమాట చెప్పేసింది. ఆయన వచ్చి పిల్ల నుదురు తాకి చూసి, తీసుకువెళ్లమని తండ్రికి కబురు పెట్టాడు.

తండ్రి వెంటనే వచ్చి, కళ్లు తుడుచుకున్నాడు. “నీ మేలు మరిచిపోనమ్మా.”

పిల్ల మంచం కమ్మీని బిగించి పట్టుకుంది. ఆసుపత్రికి అలవాటుపడ్డ పిల్లలు అలాగే చేస్తారని విద్యార్థిని చదివి ఉంది. నవ్వుతూ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

“ఇంటికే కదే తల్లీ, భయమెందుకు?”

వాళ్లు వెళ్లిన కాసేపటికి సిస్టర్ వచ్చింది. వెంట పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ అధికారిణి. ఆమె ఎదుటే ఈ సంగతి తేలాలనుకుంది విద్యార్థిని.

“పిల్లను నేనే పంపించాను సిస్టర్. లేని జ్వరం అంటగట్టి బంధించడం అన్యాయం.”

సిస్టర్ ఖాళీ మంచం మీద కూలబడింది.

“జ్వరం ఉందని చెప్పమని నా కాళ్లు పట్టుకున్నది ఆ పిల్లే.”