డబ్బాపాలు

"ఆ సీసా ఇక్కణ్ణుంచి తీసెయ్!" సిగ్రున్ అరుపుకి బెర్గెన్ ఊరి ఆసుపత్రిలో ప్రసూతి వార్డంతా ఇటు తిరిగింది.

ఆమెకి నిన్న పుట్టిన బిడ్డ రొమ్ము పట్టడం లేదు. నర్సు ఓపిగ్గా నేర్పుతూనే ఉంది. చేపల మేత మీద పరిశోధన చేసే భర్త తూర్‌కెల్ మాత్రం సీసాలో డబ్బాపాలు కలిపించి తెచ్చాడు.

"ఏడుస్తున్నాడు కదే!"

"నీ చేపపిల్లలు మేత ముట్టకపోతే తొట్టి పక్కనే కాపలా కాస్తావు. అవి తినేదాకా కదలవు. కన్నకొడుక్కి ఒక్క పూట ఆగలేవా?"

తూర్‌కెల్ తల దించుకున్నాడు. "అవి తొట్లకి తొట్లే చచ్చిపోతాయి సిగ్రున్. ఎత్తి పారబోసేది నేనే. తిండి పట్టని పిల్ల ఎలా చిక్కిపోతుందో నాకు తెలుసు."

ఇంతసేపూ ఆమె అతని తొందరని విసుగనుకుంది; అది భయమని ఇప్పుడు తెలిసింది.

కోపం పూర్తిగా దిగలేదు. అయినా మంచం మీద పక్కకి జరిగింది.

"కూర్చో. సిస్టర్, మళ్లీ మొదట్నుంచి చెప్పండి. ఈసారి ఇద్దరికీ."