సంతకం పెట్టని పెద్దాయన

"ముందా పీట మీంచి లేవండి పెద్దాయనా!"

పెనీనా అరుపుకి గుడారం బయట సంతకాలు పెడుతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

జెరూసలేంలో ప్రధాని ఇంటి ఎదుట, పేవ్‌మెంటు మీద వేసిన గుడారం అది. పెనీనా చెల్లెలి కొడుకు నదవ్ సరిహద్దులో కాపలా కాస్తూ గాజా వాళ్లకి చిక్కి నాలుగేళ్లు దాటింది. మీ జైళ్లలో ఉన్న మావాళ్లని వెయ్యిమందిని వదిలితే వాణ్ణి వదులుతామని వాళ్లంటున్నారు.

ఆ ఖైదీల్ని వదలండని ఈ గుడారం. హంతకుల్ని వదలొద్దని రోడ్డుకు అవతల అట్టలు పట్టుకుని యాఫా, ఆవిడ మనుషులు. రెండు వైపులా గొంతులు ఎప్పుడో పోయాయి. అరవడం మాత్రం మానలేదు.

ఈ పెద్దాయన మూడు వారాలుగా రోజూ వస్తున్నాడు. పేరు గెర్షోన్ అన్నాడు, అంతే. కుర్చీ వేస్తే వద్దంటాడు. మూలనున్న పొట్టి పీట మీద కూలబడి, పుదీనా టీ తాగి, మాట్లాడకుండా వెళ్లిపోతాడు.

యూదుల్లో మనిషి పోయిన ఇంట్లో, అయినవాళ్లు ఏడు రోజులు కూర్చునేది అలాంటి పీటల మీదే.

అది చూసి చెల్లెలు పొద్దుటినుంచీ ఏడుస్తోంది. పెనీనాకి ఒళ్లు మండిపోయింది.

"ఇదేమన్నా చావు ఇల్లనుకున్నారా? మావాడు బతికే ఉన్నాడు!"

"తెలుసమ్మా. నాకిలా కూర్చోవడం అలవాటైపోయింది."

"ఆ అలవాటేదో మీ ఇంట్లో పెట్టుకోండి. ఇన్నాళ్లు మా టీ తాగారు, ఒక్క సంతకం పెట్టారా?"

"నేను ఎవరికీ పెట్టడం లేదమ్మా."

"మరెందుకొస్తున్నట్టు?"

"అబ్బాయి ఎలాంటివాడో తెలుసుకుందామని."

"తెలుసుకుని? వాణ్ణి విడిపించొచ్చో లేదో తీర్పు చెబుతారా?"

"అవునమ్మా" అన్నాడాయన, ఎంతో అలసటగా.

పెనీనా ఇక ఆగలేదు.

"అబ్బో, జడ్జీగారు! మీ కడుపున పుట్టిన బిడ్డకి ఈ గతి పట్టుంటే తెలిసేది. లేవండి. మళ్లీ ఇటు రాకండి."

ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా లేచాడు. చెల్లెలి వైపు చూశాడు.

"అబ్బాయి బాగా నవ్వుతాడామ్మా?"

"మూడో అంతస్తులో నవ్వితే వీధిలోకి వినబడుతుంది" అంది చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూ.

తలాడించి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. రానందుకు పెనీనా సంతోషించింది కూడా.

పది రోజులకి ఒప్పందం కుదిరింది. వదలబోయే ఖైదీల పేర్లన్నీ ప్రకటించారు. అభ్యంతరం ఉన్నవాళ్లు రెండు రోజుల్లో కోర్టుకి వెళ్లొచ్చు. ఆ రెండు రోజులూ అక్కచెల్లెళ్లు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. వచ్చిన అర్జీలన్నీ కోర్టు కొట్టేసింది.

నదవ్ వచ్చాడు. చిక్కి శల్యమయ్యాడు, కానీ వచ్చాడు. వీధంతా పాటలు, డాన్సులు. పెనీనాకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. గుడారం తాళ్లు విప్పుతూ కూర్చుంది.

యాఫా రోడ్డు దాటి వచ్చింది.

"పిల్లాడు చల్లగా ఉండాలక్కా. ఇక్కడికి గెర్షోన్‌గారు వచ్చేవారు కదా, ఏమైనా తెలుసా? నిన్నటినుంచీ ఇంటికి తాళం. ఎక్కడికెళ్లారో పక్కింటివాళ్లకీ తెలీదు."

"నేనే తరిమేశాను. మీ మనిషేనా?"

"మా మనిషైతే మీవాడు ఇవాళ వచ్చేవాడు కాదు."

"అదేంటి?"

"ఆ రెండు రోజులూ మా లాయరు ఆయన గుమ్మం వదల్లేదు. ఒకే ఒక్క పేరు వద్దని అర్జీ మీద ఆయన సంతకం పెడితే, ఆయన మాట కాదనలేక కోర్టు అంతా ఆపేస్తుందన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాం. పెట్టనన్నారు."

"ఎవరి పేరు?"

యాఫా గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"పద్నాలుగేళ్ల కిందట బస్సులో బాంబు పెట్టి ఆయన ఒక్కగానొక్క కూతుర్ని చంపినవాడి పేరు."